సీటు నంబరు అదే, విమానమే వేరు: పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. నేను మీ నియోజకవర్గంలో ఓటరును. ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఒక బస్సు బదులు మరో బస్సు పంపడం నాకు అన్నం తిన్నంత అలవాటైన పని. అందుకే ఈ ఉత్తరంలో విమానం ఎందుకు మార్చారని మిమ్మల్ని నిలదీయబోవడం లేదు. మార్చిన తరువాత జరిగే తంతు గురించే నా బాధంతా.

మా ఆవిడకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నాలుగడుగులు వేస్తే కాసేపు కూర్చోవాలి. హైదరాబాదు నుంచి విశాఖకు వస్తూ, టికెట్టు ధర మీద అదనంగా డబ్బు కట్టి, ఆమెకు రెండో వరుసలో నడవ పక్కన 2సి సీటు తీసుకున్నాం. టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా ఉండే నడక వంతెన, అదే ఏరోబ్రిడ్జి, దాటగానే కూర్చోవచ్చునని లెక్క. మా అమ్మాయికి, ఐదేళ్ళ మనవరాలికి 22ఎ, 22బి. టికెట్లు కొన్న రోజు ఆ సర్వీసుకు ఎయిర్‌బస్ ఏ320 అని రాసి ఉంది. శంషాబాదులో లోపలికి వెళ్ళేసరికి అది ఏటీఆర్ అయిపోయింది. ఫోనుకు ఒక్క సందేశమూ రాలేదు.

ఏటీఆర్ ఎక్కినవారికి తెలుసు, రెక్కల దగ్గర పంకాలు తిరిగే ఆ చిన్న విమానంలో ప్రయాణికుల తలుపు తోక వైపు ఉంటుంది. ముందు భాగం సామానుకు పోతుంది. అంటే మేం డబ్బు కట్టి తీసుకున్న రెండో వరుస ఆ విమానంలో తలుపుకు దాదాపు అందరికంటే దూరం! ఏరోబ్రిడ్జి సంగతి సరేసరి. బస్సెక్కి, బస్సు దిగి, మెట్లెక్కి, ఇరుకు నడవలో సీట్ల వీపులు పట్టుకుంటూ మా ఆవిడ ఆ చివరిదాకా నడిచింది. డెబ్బై ఎనిమిది సీట్లున్న ఆ విమానంలో వరుసకు నాలుగే సీట్లు. ఇరవై రెండో వరుసే లేదు. అటు ఎ, సి, ఇటు డి, ఎఫ్ తప్ప 'బి' అనే అక్షరమూ లేదు. కాబట్టి మా అమ్మాయిని తొమ్మిదో వరుసకు, పిల్లను పద్నాలుగో వరుసకు పంపారు. ఎవరో కాలేజీ కుర్రవాడు లేచి తన సీటు ఇచ్చాడు గనుక పిల్ల ఏడుపు ఆగింది. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

దిగాక కౌంటరు దగ్గర అడిగాను. సీటుకు కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి అన్నాను. "మీ సీటు నంబరు మారలేదు కదండీ" అన్నారు. నిజమే, 2సి అని కొన్నాం, 2సి లోనే కూర్చోబెట్టారు. ఇంతకంటే పకడ్బందీ జవాబు నా ఉద్యోగ జీవితంలో నేను కూడా ఎవరికీ చెప్పలేదు. విమానం ఎందుకు మారిందని అడిగితే "నిర్వహణ కారణాలు" అన్నారు.

ఆ రెండు మాటల కింద ఎన్ని రకాల సంగతులుంటాయో డిపోలో కూర్చున్నవాడికి కొంత అర్థమవుతుంది. మా దగ్గర స్పేర్ బస్సు ఉంటుంది. విమానానికి అలా ఊరికే నిలబెట్టి ఉంచే స్పేర్లు బహు తక్కువ, ఎందుకంటే నేల మీద నిలబడిన విమానం రోజంతా డబ్బు తింటుంది. ఒకే విమానం పొద్దున్న మొదలుపెట్టి రాత్రిదాకా ఐదారు ఊళ్ళు తిరుగుతుంది. ఉదయం ఎక్కడో ఒక పక్షి తగిలితే సాయంత్రం విశాఖ వెళ్ళేవారికి దాని దెబ్బ తగులుతుంది. ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరవచ్చో, ఏది పనిచేయకపోతే ఎగరకూడదో ప్రతి విమానానికి ఒక జాబితా ఉంటుంది. ఎగరవచ్చని ఉన్నా కొన్ని చోట్లకు పంపడానికి లేదు. పొగమంచులో దిగేందుకు కావలసిన పరికరం చెడిపోయిన విమానాన్ని డిసెంబరులో తెల్లవారుజామున ఢిల్లీకి పంపలేరు, దాన్ని మధ్యాహ్నం మరో ఊరికి తిప్పుకుంటారు. పైలట్ల చిక్కు ఒకటి. ఏ320 నడిపేవాడు అదే కుటుంబంలోని ఏ321 నడపగలడు, ఏటీఆర్ ఎక్కడానికి వేరే అర్హత కావాలి. కాబట్టి ఎయిర్‌బస్ పోయి ఏటీఆర్ వచ్చిందంటే ఒక్క విమానం కాదు, ఇద్దరు పైలట్లు, సిబ్బంది అంతా మారినట్టు. అది చివరి నిమిషంలో తలుచుకుని చేసే పని కాదని నా అనుమానం.

ఇంజిన్ల గొడవ మీకు నేను చెప్పనవసరం లేదు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లలో వాడిన లోహపు పొడిలో లోపం ఉందని 2023లో బయటపడ్డాక ఏ320లో కొత్త రకమైన నియో విమానాలు డజన్ల కొద్దీ మన దేశంలోనే నిలిచిపోయాయి. అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ విమాన సంస్థ ఆ ఇంజిన్లనే తప్పుపడుతూ మూతపడింది. 2025 నవంబరు చివర్లో, సూర్యుడి నుంచి వచ్చే వికిరణం కంప్యూటర్ లెక్కలను పాడుచేయవచ్చునని, ప్రపంచమంతటా ఆరు వేల దాకా ఏ320 రకం విమానాలకు సాఫ్ట్‌వేర్ మార్చవలసి వచ్చింది. అప్పుడు మంత్రి మీరే. ఇలాంటి కారణాలతో విమానం మారిస్తే ఎవరు తప్పుపడతారు? చెడిపోయిన బస్సును రోడ్డెక్కించమని ఏ ప్రయాణికుడూ అడగడు.

కానీ అదే రెండు మాటల కింద ఇంకొకటి కూడా దాక్కుంటుంది. నూట ఎనభై సీట్ల విమానానికి డెబ్బై మందే టికెట్లు కొంటే, పెద్దదాన్ని జనం ఎక్కువున్న దారికి తిప్పి ఇక్కడికి చిన్నదాన్ని పంపుతారు. ఇది వ్యాపారం, మేమూ చేశాం. అయితే మా దగ్గర సూపర్ లగ్జరీ బదులు ఎక్స్‌ప్రెస్ వేసిన రోజున ఛార్జీలో తేడా తిరిగి ఇచ్చేవాళ్ళం. ఇవ్వకపోతే ప్రయాణికులు కంట్రోలర్ బల్ల చుట్టూ మూగేవారు, నా చొక్కా గుండీలే సాక్ష్యం. రైల్లో ఏసీ బోగీ తగిలించకుండా స్లీపరులో పంపినా తేడా సొమ్ము వాపసు ఉంది. విమానంలో మాత్రం భద్రత కోసం చేసిన మార్పుకూ లాభం కోసం చేసిన మార్పుకూ ఒకటే పేరు, ఒకటే జవాబు.

నిబంధనలు లేవని అనను. ఉన్నవాటిని మనవడి చేత, విమాన సంస్థలను నియంత్రించే మీ డీజీసీఏ వెబ్‌సైటులో తీయించి చదివాను. చిన్న విమానం రావడంతోనో, అదనంగా టికెట్లు అమ్మడంతోనో సీటు లేక ఆగిపోయినవారికి గంటలోపు బయలుదేరే మరో విమానం చూపకపోతే పరిహారం ఉంది. మరో విమానం 24 గంటల్లోపు అయితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి రెండింతలు, పది వేలకు మించకుండా. అది దాటితే నాలుగింతలు, ఇరవై వేలకు మించకుండా. 2023 ఫిబ్రవరి 15 నుంచి, పై తరగతి టికెట్టు కొన్నవారిని కింది తరగతిలో కూర్చోబెడితే దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్టు ధరలో 75 శాతం, విదేశీ ప్రయాణంలో దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం తిరిగి ఇవ్వాలి. మంచి నిబంధనలే. కానీ మేం ఆగిపోలేదు, తరగతి కూడా దిగలేదు. ఎకానమీ కొని ఎకానమీలోనే వచ్చాం. తరగతి దిగకపోతే మనిషికి ఏ నష్టమూ జరగలేదని ఆ నిబంధనల లెక్క.

పన్నెండేళ్ళలోపు పిల్లలను ఒకే టికెట్టు మీద వచ్చిన తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది కదా. విమానం మారినప్పుడు సీట్లను తిరిగి పంచేది కంప్యూటరే అయితే, ఆ ఆదేశం ఆ కంప్యూటర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.

మీరు ప్రవేశపెట్టిన భారతీయ వాయుయాన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, 1934 నాటి పాత చట్టం పక్కకు పోయింది. దాని కింద ఒక చిన్న నిబంధన చేర్చడం మీకు పెద్ద పని కాదని అడుగుతున్నాను. కేటాయించిన విమానం మారిన వెంటనే, ఏ విమానం వస్తోందో, ఎందుకు మారిందో ప్రయాణికుడి ఫోనుకు సందేశం పంపాలి. యంత్రం చెడితే యంత్రం చెడిందని రాయాలి, జనం తక్కువైతే జనం తక్కువని రాయాలి. సీటు కోసం విడిగా కట్టించుకున్న సొమ్ము, ఆ సీటు ఉన్న చోటు మారితే, నంబరు మారినా మారకపోయినా, ఎవరూ అడగకుండానే కట్టిన ఖాతాకు తిరిగి వెళ్ళాలి. మేం కొన్నది అంకె కాదండీ, తలుపుకు దగ్గరగా ఉండటం. అప్పుడు కట్టింది ఆరు వందల రూపాయలో ఎంతో, దాని కోసం మూడు ఈమెయిళ్ళు రాసి అలసిపోయి ఊరుకున్నాను. అలా ఊరుకునేవాళ్ళ సొమ్మంతా ఎవరి దగ్గర మిగులుతోందో ఆలోచించండి.

చక్రాల కుర్చీ కోరినవారికి, పసిపిల్లలతో వచ్చేవారికి మారిన విమానం పనికిరాకపోతే పూర్తి డబ్బు తీసుకుని మానుకునే వీలుండాలి. అమెరికా రవాణా శాఖ 2024లో తెచ్చిన నిబంధనల్లో, మారిన విమానంలో వికలాంగులకు అవసరమైన సౌకర్యం లేకపోతే టికెట్టు డబ్బు వాపసు అడగవచ్చునని ఉంది. మా అల్లుడు డల్లాస్ నుంచి ఫోనులో చదివి వినిపించాడు. డీజీసీఏ ప్రతి నెలా ఇచ్చే నివేదికలో రద్దయిన విమానాలు, ఆలస్యాలు, ఎక్కనివ్వని ప్రయాణికుల లెక్కలు వేస్తున్నారు. అందులోనే విమానం మార్పులకు కూడా ఒక గడి పెట్టించండి. డిపోలో మేం ఏ బస్సు బదులు ఏ బస్సు పోయిందో రోజూ పుస్తకంలో రాసేవాళ్ళం. రాయడం మొదలైతే కారణాలు వాటంతట అవే తగ్గేవి.

వచ్చే నెల మనవరాలి పుట్టినరోజుకు మళ్ళీ హైదరాబాదు వెళ్ళాలి. మా ఆవిడ ఆమదాలవలసలో రైలెక్కుదామంటోంది. రాత్రంతా ప్రయాణమైనా కింది బెర్తు కింది బెర్తుగానే ఉంటుందట. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. మీ దగ్గరేమైనా ఉంటే టికెట్లు కొనేలోపు తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
శ్రీకాకుళం