కాంపిటీషన్ కమిషన్ చైర్‌పర్సన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి నమస్కారాలు. మార్కెట్లో పోటీ న్యాయంగా సాగేలా చూసే కమిషన్ మీది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడలో మాది చిన్న టిఫిన్ సెంటర్. ఒక పెద్ద డెలివరీ యాప్ కమీషన్ పెంచింది. కుదరదన్నాం. వారం తిరక్కుండానే యాప్‌లో మా పేరు ఎక్కడో అడుక్కి పోయింది. వదిలేద్దామంటే సగానికి పైగా ఆర్డర్లు అక్కడి నుంచే వస్తాయి. రోజూ ఇదే టెన్షన్.

2002 నాటి కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 పెద్దగా ఎదగడాన్ని తప్పనదు. ఆ బలంతో అన్యాయమైన షరతులు రుద్దడాన్నే తప్పంటుంది. మంచి చట్టం, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ చట్టం కిందే 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్ల కేసులో మీరు గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు మాలాంటివాళ్లకు ధైర్యం వచ్చింది. కానీ ఆ కేసులో విచారణకు ఆదేశించింది 2019 ఏప్రిల్‌లో. అంటే మూడున్నరేళ్లు. అన్నాళ్లు మా పొయ్యి వెలుగుతుందా? మా దగ్గర పనిచేసే నలుగురి జీతాలు అప్పటిదాకా ఆగుతాయా?

విచారణ నడుస్తుండగానే మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారం అదే చట్టంలోని సెక్షన్ 33 మీకిచ్చింది. చిన్న వ్యాపారుల ఫిర్యాదుల్లో దాన్ని వాడండి. ఫిర్యాదును తెలుగులోనే రాసిచ్చే వీలు కూడా కల్పించండి.

ఇట్లు,
ఒక టిఫిన్ సెంటర్ యజమాని,
విజయవాడ