రోటర్‌డామ్‌లో ఆపిన ఆ మూడో గోల్

చిట్టితల్లీ,

ఆశీస్సులు. నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నిలవడం లేదు. విద్యార్థుల జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడి రెండు గోల్స్ వదిలేశానని, ఇక ఆ చేతి తొడుగులు ముట్టనని అన్నావు. అప్పుడు నాకు మాట తోచలేదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు వైద్యం చదవడానికి జార్జియా రాజధాని టిబిలిసి వెళ్ళినప్పటి నుంచి ఆ ఊరి గురించి దొరికినదల్లా చదువుతున్నాను. అలా తెలిసినవాడే ఓతర్ గబేలియా, అక్కడి డైనమో టిబిలిసి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్. జార్జియా అప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగం. 1979లో సోవియట్ కప్ ఫైనల్ గోల్స్ లేకుండా ముగిస్తే, మాస్కో డైనమోను పెనాల్టీల్లో 5-4తో ఓడించిన జట్టులో ఉన్నాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం 1981. యూరప్ దేశాల కప్ విజేతలు తలపడే కప్ విన్నర్స్ కప్‌లో లండన్ వెళ్ళి అక్కడి వెస్ట్ హామ్ జట్టును 4-1తో ఓడించారు. తిరిగి సొంత ఊళ్ళో ఆడితే 0-1తో ఓడిపోయారు! అయినా రెండు ఆటల గోల్స్ కలిపి లెక్కిస్తారు కాబట్టి ముందుకెళ్ళారు. సెమీఫైనల్లో నెదర్లాండ్స్ జట్టు ఫెయెనూర్డ్‌పై సొంత ఊళ్ళో 3-0తో గెలిచి, వాళ్ళ ఊరు రోటర్‌డామ్ వెళితే అక్కడ రెండు గోల్స్ పడ్డాయి. మరొక్కటి పడితే లెక్క సమానమైపోయేది. ఊరుగాని ఊరు, చుట్టూ ఎదుటి జట్టు అభిమానుల కేకలు, రెండుసార్లు వెనక్కి తిరిగి వలలోంచి బంతిని తీసుకున్న మనిషి మళ్ళీ అదే చోట నిలబడాలి. నిలబడ్డాడు. మూడోది పడలేదు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నా అరచేతులు చెమటపడతాయి.

మే 13న డ్యూసెల్‌డార్ఫ్‌లో ఫైనల్. తూర్పు జర్మనీ జట్టు కార్ల్ జైస్ యెనా ముందుగా 63వ నిమిషంలో గోల్ కొట్టింది. నాలుగు నిమిషాలకే టిబిలిసి ఆటగాడు గుత్సాయెవ్ సమం చేశాడు, 86వ నిమిషంలో దరసేలియా గెలిపించాడు. జనం వాళ్ళిద్దరి పేర్లే ఎక్కువగా తలుస్తారు. మరుసటి ఏడాది సోవియట్ జట్టుతో ప్రపంచ కప్‌కు నలుగురు టిబిలిసి ఆటగాళ్ళు స్పెయిన్ వెళ్ళారు. గబేలియా వెళ్ళలేదు, సోవియట్ జట్టు గోల్‌కీపర్‌గా దసాయెవ్ ఉన్న కాలమది. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వీలైతే ఒక సాయంత్రం డైనమో స్టేడియం వైపు వెళ్ళి, ఒక ఫోటో తీసి పంపు. తొడుగులు ఎవరికీ ఇచ్చెయ్యకు. అమ్మ కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ కట్టి పెట్టింది, వచ్చేవాళ్ళతో పంపుతున్నాం. ఆదివారం ఆట అయ్యాక ఫోను చెయ్యి. నీ వైపు వచ్చిన ఒక్కొక్క బంతి గురించీ వినాలని ఉంది.

ప్రేమతో,
నాన్న