మేట్రన్ గారికి, మా నాన్న తరఫున కూడా

మా పెద్దాసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ఈ నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు, వార్డులో అందరూ పిలిచినట్టే మేట్రన్ గారు అంటాను. మా నాన్న ఇవాళ గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లి కూర్చోగలుగుతున్నారంటే అది ఆవిడ చలవే. ఆ సంగతి నలుగురికీ తెలియాలి.

నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి. ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 11 రోజులు ఉంచాం, డబ్బులు అయిపోయాక ఇక్కడికి తెచ్చాం. ఆ సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన మేట్రన్ గారు కేసు షీటు చూడకముందే గ్లవుజు వేసుకుని, దుప్పటి తీసి, నాన్న నడుం కింద చెయ్యి పెట్టారు. తీసి చూస్తే వేళ్లకి తడి. 11 రోజులు పక్కనే కూర్చున్నాం, వెనక అరచెయ్యంత పుండు పడిందని మాకు ఒక్కరూ చెప్పలేదు, మాకు చూడాలని తెలీలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుద్దువు గానీ అమ్మా, ముందు ఇటొచ్చి నాన్న భుజం పట్టుకో" అన్నారు.

ఆ రాత్రి దగ్గరుండి నేర్పారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లాగితే చర్మం ఒరుసుకుపోతుంది కాబట్టి కింద వేసిన దుప్పటితో సహా ఎత్తి తిప్పాలి, పక్క మీద చిన్న మడత కూడా ఉండకూడదు, దిండు పిక్క కింద పెడితే మడమ గాల్లో ఉంటుంది. ముక్కు గొట్టంలో పాలు పోసేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలి, సిరంజితో నెట్టకుండా దానంతట అదే దిగనివ్వాలి, అయ్యాక నీళ్లు పోసి గొట్టం కడగాలి, అరగంట దాకా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి, టైములు వేసి మంచానికి కట్టారు. తిప్పిన ప్రతిసారీ సంతకం. పొద్దున్నే ఆవిడ మొదట చూసేది ఆ కాగితమే. మూడో రోజు తెల్లవారుజాము 4 గంటల గడి ఖాళీగా ఉంది, నాకు నిద్ర పట్టేసింది. ఒక్క మాట అనలేదు. ఆ టైముకి నన్ను లేపమని నైట్ సిస్టర్‌కి చెప్పి, అది డ్యూటీ పుస్తకంలో రాయించారు.

ఆవిడది 38 ఏళ్ల సర్వీసు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి స్టాఫ్ నర్స్‌గా చేరినప్పుడు గాజు సిరంజిలు మరిగించి మళ్లీ వాడేవాళ్లట. ప్రసూతి వార్డు, కాలిన గాయాల వార్డు, థియేటర్, అన్నీ తిరిగారు. హెడ్ నర్స్ ప్రమోషన్ రావడానికే 20 ఏళ్లు దాటిందట, ఆ తర్వాత గ్రేడ్-2, చివరికి గ్రేడ్-1 సూపరింటెండెంట్. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ వార్డుల డ్యూటీ చార్టు వేసింది ఆవిడే. పాజిటివ్ వచ్చిన వాళ్ల బదులు రమ్మని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చేదట. "మొదటి వారం నైట్ డ్యూటీలో నా పేరే వేసుకున్నాను, లేకపోతే ఇంకొకళ్లని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను" అన్నారు, చాలా మామూలుగా.

మెడికల్ కాలేజీ ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నాన్న వార్డులో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా 36 మంచాలకి ఇద్దరే. సిస్టర్ విసుక్కుందని మనం తేలిగ్గా అనేస్తాం, నేనూ అన్నాను. ఆ ఇద్దరితోనే పని జరగడానికి మేట్రన్ గారు కదల్లేని రోగులందరినీ సిస్టర్ల బల్లకి ఎదురు వరసలోకి మార్పించారు. డ్యూటీ మారేటప్పుడు అప్పగింత కూడా బల్ల దగ్గర కాదు, మంచం దగ్గరే. వెళ్లే సిస్టర్, వచ్చే సిస్టర్ ఇద్దరూ దుప్పటి తీసి చూడాల్సిందే. పైసా ఖర్చు లేదు దీనికి. నాన్న పుండు మానింది మందులతో ఎంతో, ఈ పద్ధతితో అంతే అని నా నమ్మకం.

నాలుగు వారాలకి డిశ్చార్జి చేశారు, ఇంటికొచ్చిన రెండు నెలలకి పుండు పూర్తిగా పూడింది. ఆ మధ్యలో ఎన్నిసార్లు ఫొటో పంపి "మేడమ్, ఇది పర్లేదా" అని అడిగానో లెక్కలేదు, ప్రతిసారీ జవాబు వచ్చింది.

నైట్ సిస్టర్లిద్దరికీ, నాన్నని ఎత్తడానికి పిలవగానే వచ్చిన వార్డు బాయ్‌కి, తన ఫ్లాస్కులో వేణ్ణీళ్లు నాకూ పోసిన పక్క మంచం పెద్దమ్మకి కూడా థాంక్స్.

మేడమ్, 31న మీ సన్మానానికి నాన్నని తీసుకొస్తున్నాను. మాట ఇంకా పూర్తిగా రాలేదు, "సిస్టరమ్మ" అనడం మాత్రం వారం నుంచి నేర్చుకుంటున్నారు. "సి" దగ్గర కాస్త ఆగుతున్నారు. మీరు కంగారుపడి మధ్యలో అందించకండి, ఆయన్నే పూర్తి చెయ్యనివ్వండి.