కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏటా చదవాల్సిందే గనుక చదువుతున్నాను. పుస్తకాల పంపిణీ, కంటి శిబిరం, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. రథసప్తమికి అరసవల్లి దారిలో అర్ధరాత్రి నుంచీ నిలబడి మజ్జిగ పోసినవారికి చేతులెత్తి నమస్కారం.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోదగ్గది మాత్రం డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు రెండు రోజులు పెట్టిన బయోమెడికల్ ఇంజనీరింగ్, అంటే వైద్య యంత్రాల చదువు, పరిచయ తరగతులు. "మనకెందుకండీ ఇవి?" అని కిందటిసారి ఇదే హాల్లో అడిగారు కొందరు. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం మన జిల్లాలోనే ఉంది. పలాస, సోంపేట, కవిటిలో కిడ్నీల బదులు రక్తం శుద్ధిచేసే డయాలసిస్ యంత్రాలు తిరుగుతున్నాయి. అవి మొరాయిస్తే విప్పి చూసేవాళ్లు మన పిల్లల్లో ఉండొద్దా?

మొదటిరోజు ఈసీజీ, అంటే గుండె విద్యుత్తును గీతగా చూపే పరీక్ష. ఒక కుర్రాడికి మూడు ఎలక్ట్రోడ్లు అంటించి చూస్తే, తెరమీద గీతంతా గొంగళిపురుగులా నూగు. వాడి మొహం పాలిపోయింది. మాస్టారు నవ్వి ల్యాప్‌టాప్ చార్జరు పీకేయమన్నారు. నూగు చాలావరకు రాలిపోయి, టక్ టక్ మని గుండె కొట్టుకోవడం కనబడింది. చర్మం మీద దొరికే గుండె సంకేతం సుమారు 1 మిల్లీవోల్టే. గోడ ప్లగ్గులోని 50 హెర్ట్జ్ కరెంటు దాన్ని సులువుగా మింగేస్తుందట. ఈసీజీకి ఆద్యుడైన డచ్చి శాస్త్రవేత్త ఐంథోవెన్ తొలినాళ్లలో రోగుల రెండు చేతులూ, ఓ కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టించి ఈ గీత తీశాడని, 1924లో నోబెల్ అందుకున్నాడని అప్పుడే చెప్పారు. పుస్తకంలో చదివితే ఇంతగా గుర్తుండేది కాదు.

రెండోరోజు, వాడకుండానే గడువు దాటిపోయిన డయలైజర్‌ను, అంటే డయాలసిస్ యంత్రానికి తగిలించే రక్తపు వడపోతను, రంపంతో కోశారు. లోపల సన్న సేమియా కట్టలా దాదాపు పదివేల గొట్టాలు. రక్తం వాటి లోపల, మందునీళ్లు బయట, ఎదురెదురుగా పోతాయి. కట్టను చేతిలో పట్టుకుని ఒకమ్మాయి, "మా నాన్న రక్తం ఇందులోంచే వెళ్తాదా మాస్టారూ?" అంది. హాలు కాసేపు మాట్లాడలేదు. తరవాత ప్రశ్నలన్నీ ఆ పిల్లవే. ఆ మందునీళ్లకు మామూలు నీళ్లు మరిగించి వాడితే చాలదా అని అడిగింది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు, అందుకే లవణాలు వడకట్టే ఆర్వో యంత్రం తప్పదన్నారు. మందునీళ్లు నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటలకు 120 లీటర్లని బోర్డు మీద తనే వేసి చూపించింది. 1943లో కోల్ఫ్ అనే డచ్చి డాక్టరు సాసేజీలకు వాడే సెల్లోఫేన్ తొడుగుతో మొదటి డయాలసిస్ యంత్రం కట్టాడంటే మాత్రం ఎవరూ ఓ పట్టాన నమ్మలేదు.

ఇక చెప్పక తప్పనిది. సేవకులుగా పేర్లిచ్చినవారిలో సగంమంది పొద్దున రాలేదు. భోజనాల వేళకు మాత్రం కనిపించారు. కుర్చీలు మోసింది విద్యార్థులే. పక్కన పడేసిన పాత యంత్రం ఒకటి చూపడానికి ఇప్పించండని ఒక కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం. కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం గంటన్నర ఆగాం. దండ వాడిపోయింది, ఆయన రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు పంచిన కాగితంలో ఉన్నాయి. ఆడిటరు సంతకమైంది. మిగులు కొద్దిగా ఉంది. సందేహాలుంటే ఆయన్ని టీ విరామంలో అడగండి.

సెలవురోజులు వదులుకుని బోధించిన మాస్టార్లకు, హాలు అద్దె వద్దన్న యజమానికి, పులిహోర వండి పంపిన మహిళా విభాగానికి, జనరేటరు దగ్గర ఎండలో కూర్చున్న తమ్ముడికి, వెబ్‌క్యామ్ అరువిచ్చిన ఫొటో స్టూడియో వారికి కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచిపోతే అది నా పొరపాటే.

తరగతుల తరవాత రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు కనబడటం లేదు. ఎవరి దగ్గరున్నా ఆదివారంలోగా ఆఫీసు గదిలో పెట్టేయండి, ఎవరినీ ఏమీ అడగం.

ఇట్లు,
కార్యదర్శి, శ్రీకాకుళం