ఆ బేస్ అమ్మిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అయ్యా, పేరు రాస్తే మీకు నచ్చదని తెలుసు, అందుకే రాయడం లేదు. కానీ ఈ మాటలు నలుగురి ముందూ చెప్పాలనిపించింది.

పాత బేస్ గిటార్ అమ్మేవాళ్లు ముందు దాని రంగు, మెరుపు చూపిస్తారు. మీరు మెడ చూపించారు. తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, మధ్యలో తీగకూ ఫ్రెట్‌కూ నడుమ ఎంత సందుందో చూడమన్నారు. సన్నని సందు ఉండాలట. మరీ ఎక్కువుంటే మెడ లోపలుండే కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, బిగించాలి, అది ఇంకా తిరుగుతుందో లేదో కొనకముందే చూసుకోవాలి. తర్వాత జీ తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం మోగించి, ఏది తొందరగా ఆరిపోతోందో వినిపించారు. మీ వస్తువులోని లోపాన్ని మీరే చూపించారు! అమ్మేవాళ్లలో ఎంతమంది చేస్తారా పని?

నా వేళ్లు చూసి, మోగే తీగ పొడవు 34 అంగుళాలున్న మీ బేస్ తీసుకునే ముందు 30 అంగుళాల పొట్టి రకం (షార్ట్ స్కేల్) బేస్ కూడా వాయించి రమ్మన్నారు. వాయించాను. హాయిగానే ఉంది. కానీ లావు తీగలో ఆ బిగువు మీదాంట్లోనే దొరికింది, అందుకే తిరిగొచ్చాను.

యాంప్ (శబ్దం పెంచే పెట్టె) మార్చాలన్న నా ఆరాటాన్నీ మీరే ఆపారు, ముందు తీగలు మార్చి చూడమని. పైచుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేశాక నేను వెతుకుతున్న గుండ్రని నాదం వచ్చేసింది. పాత యాంప్‌తోనే రోజూ వాయిస్తున్నాను.

మీకు ఎప్పుడు వాయించాలనిపించినా మొహమాటపడకుండా రండి. మీకు నా నమస్కారాలు.