న్యూ లైన్ కథ ఒక్క ముక్కలో తేలేది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ సినిమా పేజీలో న్యూ లైన్ సినిమా అనే సంస్థని 'వార్నర్ బ్రదర్స్ వాళ్ల బ్యానర్' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇవాళ్టికి అది నిజమే. కానీ అది నలభై ఏళ్లు సొంత పేరుతో, సొంత మనుషులతో నడిచిన కంపెనీ అండీ.

1967లో రాబర్ట్ షే న్యూయార్క్‌లో తన అపార్ట్‌మెంట్‌లోనే దాన్ని మొదలుపెట్టాడు. సొంతంగా తీసే స్తోమత లేక వేరేవాళ్ల సినిమాలు తెచ్చి కాలేజీల్లో వేయించేవాడు. గంజాయి తాగొద్దని 1930లలో తీసిన 'రీఫర్ మ్యాడ్‌నెస్'కి కాపీరైట్ లేదని కనిపెట్టి, దాన్ని క్యాంపస్‌లలో తిప్పితే కుర్రాళ్లు పడీ పడీ నవ్వుతూ చూశారు. పెద్ద స్టూడియోలు కన్నెత్తి కూడా చూడని సరుకు అది! 1984లో 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' ఆడాక గానీ కంపెనీ నిలదొక్కుకోలేదు.

1994లో న్యూ లైన్‌ని CNN పెట్టిన టెడ్ టర్నర్ కంపెనీ కొనేసింది, రెండేళ్లకి ఆ కంపెనీయే వార్నర్ బ్రదర్స్ యజమాని అయిన టైమ్ వార్నర్‌లో కలిసింది. అయినా ఏ సినిమా తీయాలో షే, అతనితో కలిసి కంపెనీని నడిపిన మైకేల్ లిన్‌లే తేల్చుకునేవాళ్లు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ని రెండు భాగాలుగా తీస్తానని దర్శకుడు పీటర్ జాక్సన్ వస్తే, పుస్తకాలు మూడుంటే సినిమాలు రెండెందుకని అడిగింది షేనే. విదేశీ డిస్ట్రిబ్యూటర్లకి ముందే హక్కులు అమ్మి ఖర్చులో చాలా భాగం రాబట్టారు. మూడో భాగానికి 11 ఆస్కార్లు వచ్చాయి.

నాకు బాధనిపించేది ఆ తర్వాతి సంగతే. 2007లో 'ది గోల్డెన్ కంపాస్'కి కూడా అలాగే హక్కులు అమ్మేశారు. దాదాపు 18 కోట్ల డాలర్ల ఖర్చుకి అమెరికాలో వచ్చింది 7 కోట్లు, బయట 30 కోట్లు వచ్చినా ఆ డబ్బంతా హక్కులు కొన్నవాళ్లకే పోయింది. 2008 ఫిబ్రవరిలో టైమ్ వార్నర్ న్యూ లైన్‌ని వార్నర్ బ్రదర్స్‌లో కలిపేసింది, షే, లిన్ బయటికి నడిచారు, చాలామంది ఉద్యోగాలు పోయాయి.

ఒక్క ఫ్లాప్‌తో మునిగిందంటారు గానీ నేను ఒప్పుకోను. ఒకే యజమాని కింద రెండు స్టూడియోలు, రెండు మార్కెటింగ్ ఆఫీసులు, రెండు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు ఉన్నప్పుడు చిన్నదాని మీద కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, ఆ సినిమా ఆడి ఉంటే ఇంకో ఏడాదో రెండేళ్లో ఆగేదేమో.

ఈసారి ఆ బ్యానర్ గురించి రాస్తే రాబర్ట్ షే పేరు కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు