ఆపరేషన్ అయ్యాక వచ్చే పదేళ్ళ గురించి

అమ్మలూ,

బరువు తగ్గే ఆపరేషన్ గురించి నా అభిప్రాయం అడిగావు. ఫోన్లో అయితే మాట మీద మాట వచ్చి అసలు విషయం పక్కకి పోతుంది. అందుకే రాస్తున్నాను. ఈ మధ్య దీని గురించి చాలా చదివాను, మన డాక్టరు గారిని కూడా విసిగించి మరీ అడిగాను.

ముందుగా ఒక మాట. ఇది దొడ్డిదారి అనీ, నోరు కట్టుకోలేని వాళ్ళు చేయించుకునేదనీ ఎవరైనా అంటే చెవిన పెట్టకు. నువ్వు ఎంత కష్టపడి తగ్గేదానివో, తగ్గిన ప్రతిసారీ ఆకలి నిన్ను ఎలా వేధించేదో నేను కళ్ళారా చూశాను. బరువు తగ్గగానే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు తగ్గుతుంది. పోయిన బరువు తిరిగి తెచ్చుకోవాలని శరీరమే చూస్తుంటే మనిషి ఎంతకాలమని పోరాడగలదు? ఈ ఆపరేషన్లలో స్లీవ్ అనే రకంలో జీర్ణాశయంలో 75-80 శాతం తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది. బైపాస్ అనే రకంలో పైన చిన్న సంచిలాంటి భాగం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది పేగు కిందిభాగానికి తొందరగా చేరడంతో, ఇక చాలని మెదడుకి చెప్పే హార్మోన్లు పెరుగుతాయి. రెండింటిలోనూ ఆకలి తీరే మారుతుంది. స్లీవ్‌లో తీసేసిన భాగాన్ని మళ్ళీ పెట్టడం కుదరదని మాత్రం గుర్తుంచుకో.

నన్ను ఆపరేషన్ వైపు మొగ్గేలా చేసినవి నీ షుగరు, నీ నిద్ర. పోయినసారి వచ్చినప్పుడు నా పక్కనే పడుకున్నావు కదా. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ కదులుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. నేను భుజం పట్టి లేపబోయేలోపు ఉలిక్కిపడి పెద్దగా ఊపిరి పీల్చి, కళ్ళు తెరవకుండానే పక్కకి ఒత్తిగిలేదానివి. మళ్ళీ కాసేపటికి అదే. రాత్రంతా అలా గడిచిన మనిషికి పొద్దున్నే తలనొప్పి రాక ఏమవుతుంది? బరువు బాగా తగ్గితే చాలామందికి ఈ బాధ తగ్గుతుంది.

షుగర్ విషయంలో స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఉంది. ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల మందిని, చేయించుకోని అంతే మందిని ఏళ్ళ తరబడి గమనించారు. అంతకుముందే షుగర్ ఉండి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో రెండేళ్ళకి 72 శాతం మందికి అది లేకుండా పోయింది. పదేళ్ళకి చూస్తే అలా ఉన్నవాళ్ళు 36 శాతమే. అప్పట్లో చేసినవాటిలో ఎక్కువ ఇప్పుడు వాడుకలో లేని ఆపరేషన్లు, నిజమే. అయినా మొదటి రెండేళ్ళ ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోకూడదని ఆ అంకెలు నాకు చెప్పాయి. షుగర్ వచ్చి ఎంతో కాలం కానివాళ్ళకి, ఇన్సులిన్ దాకా వెళ్ళనివాళ్ళకి ఫలితం మెరుగ్గా ఉంటుందంటున్నారు. నీకు వచ్చి మూడేళ్ళే. ఆలస్యం చేస్తే ఆ అవకాశం తగ్గుతుంది. ఆ అధ్యయనంలోనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, చేయించుకోనివాళ్ళ కంటే సగటున మూడేళ్ళు ఎక్కువ బతికారని 2020లో తేలింది. అమ్మగా నేను దాన్ని చిన్న విషయం అనుకోలేను.

బరువు కూడా ఒకటి రెండేళ్ళలో అట్టడుగుకి వెళ్ళి, ఆ తర్వాత కొంత వెనక్కి వస్తుంది. అప్పుడు ఓడిపోయానని కుంగిపోకు, చాలామందికి జరిగేదే. తగ్గిన బరువులో ఎక్కువ భాగం చాలామందికి తిరిగి రాదు.

ఇక నన్ను భయపెట్టేది ఆపరేషన్ రోజు కాదు. అనుభవం ఉన్న సర్జన్ల చేతుల్లో ప్రాణాపాయం ఇప్పుడు చాలా తక్కువ. నా టెన్షనంతా అయిదో ఏడు, పదో ఏడు గురించి. అప్పటికి నువ్వు బాగానే ఉంటావు, పనిలో మునిగిపోయి ఉంటావు, టాబ్లెట్లు పక్కన పడేస్తావు. బి12 నిల్వలు ఒంట్లో చాలాకాలం ఉంటాయి కాబట్టి లోటు వెంటనే తెలియదు. తెలిసేసరికి అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, నరాలకి జరిగిన నష్టం ఒక్కోసారి పూర్తిగా సరికాదు. ఐరన్, కాల్షియం, విటమిన్ డి కూడా అంతే. ఎముకలు పలచబడతాయి. కాబట్టి మాత్రలు, ఏడాదికోసారైనా రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఓర్చుకోకు. థయామిన్ (విటమిన్ బి1) తగ్గిపోయి మెదడుకే ముప్పు రావచ్చు.

ఇప్పుడు స్లీవా, బైపాసా అన్నది. నువ్వు స్లీవ్ అనుకుంటున్నావు, పేగుల జోలికి పోరు కదా అని. కానీ నీకు ఎప్పటినుంచో ఎసిడిటీ ఉంది. రాత్రి పులితేన్పులతో లేచి కూర్చునేదానివి. స్లీవ్ తర్వాత అది ఎక్కువయ్యే అవకాశం ఉంది, కొత్తగా వచ్చేవాళ్ళూ ఉన్నారు. కొందరు దాని కోసమే మళ్ళీ బైపాస్ చేయించుకోవలసి వస్తుంది. బైపాస్ ఎసిడిటీకి మంచిది, కానీ విటమిన్ల లోటు ఎక్కువ. తీపి తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. కొన్నేళ్ళ తర్వాత కూడా పేగు లోపల ఇరుక్కుని అత్యవసరంగా ఆపరేషన్ పడవచ్చు. పైగా నీ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే ఆ నొప్పి మాత్రల స్ట్రిప్పు, ఐబుప్రొఫేన్, దాన్ని బైపాస్ అయ్యాక వాడకూడదు, అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది. ఈ మాట సర్జన్‌కి నువ్వు చెప్పావా? ముందు ఎండోస్కోపీ చేయించుకో. అన్నవాహిక ఎలా ఉందో చూడకుండా స్లీవ్‌కి ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

జుట్టు మొదటి ఆర్నెల్లలో ఊడుతుంది, చాలావరకు తిరిగి వస్తుంది. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా మందు ఇస్తారు. చర్మం వేలాడడం మాత్రం దానంతట అది పోదు. పిల్లల సంగతి మీ ఇద్దరి ఇష్టం, కానీ ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. బైపాస్ అయితే నోటి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, ముందే అడుగు. బరువు తగ్గినా మనసు తేలికపడకపోతే నాకు దాచకు. ఆపరేషన్ తర్వాత కొందరిలో దిగులు, తాగుడు అలవాటు పెరిగినట్టు చూశారు.

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి కూడా అడుగు. వాటితో సగటున ఒంటి బరువులో 15 నుంచి 20 శాతం దాకా తగ్గుతున్నారు, ఆపేస్తే చాలావరకు తిరిగి వస్తోంది. నీకు అవి సరిపోతే కోతే అక్కర్లేదు.

నన్నడిగితే, నీ షుగరు, నీ నిద్ర చూశాక చేయించుకోమనే చెప్తాను. చుట్టాల మాటల కోసమైతే వద్దు. నేను చూసినంతలో నీకు బైపాసే నప్పుతుందనిపిస్తోంది, కానీ తేల్చేది ఎండోస్కోపీ రిపోర్టు. వచ్చాక పంపించు. సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను. అయిదేళ్ళ తర్వాత తమ పేషెంట్లలో ఎంతమంది ఇంకా చెకప్‌లకి వస్తున్నారో ఆయన్ని నేనే అడుగుతాను.

ప్రేమతో,
అమ్మ